చీటీగుడ్డ

తాల్‌బగీచాలో మా ఇంటి వసారాలో కూర్చుని, ఒక డచ్చి మ్యూజియాన్ని గురించిన ఆంగ్ల వ్యాసాన్ని తెనిగిస్తున్నాను. ‘చింట్జ్’ అన్న మాట దగ్గర కలం ఆగిపోయింది. ‘పూల అద్దకపు నూలువస్త్రం’ అని వ్రాసి, తృప్తిలేక కొట్టివేశాను. బియ్యం ఏరుతున్న అమ్మకు బొమ్మ చూపించాను.

“దీనికింత ఆలోచన దేనికిరా? చీటీగుడ్డ!” అన్నది.

ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకున్న నాకు దొరకని మాట ఆమె నాలుక చివరనే ఉన్నది. డచ్చివారు ఆ గుడ్డనే ‘సిట్స్’ అంటారు.

నెదర్లాండ్స్ ఉత్తర భాగాన ఫ్రీస్‌లాండ్ అనే రాష్ట్రం ఉన్నది. అక్కడ 1827లో ఏర్పడిన ఒక విద్వత్సంఘం తాను సేకరించిన వస్తువులతో 1881లో లేవార్డెన్ పట్టణంలో ఫ్రీస్ మ్యూజియం తెరిచింది. 2013లో అది కొత్త భవనంలోకి మారింది. దాని నిర్మాణానికి అబె బొన్నెమా అనే వాస్తుశిల్పి తన వీలునామాలో 1 కోటి 80 లక్షల యూరోలు వదిలివెళ్ళాడు. ఫ్రీసియన్ వెండిసామానుతోబాటు కోరమాండల్ తీరపు అద్దకాలనూ అక్కడ అపురూపంగా కాపాడుతున్నారు. 2017లో వాటితోనే ఒక ప్రదర్శన జరిపారు.

మన గుడ్డ అంతదూరం ఎలా చేరింది? 1606లో గోల్కొండ సుల్తాను అనుమతితో డచ్చి కంపెనీ బందరులో వర్తకం ప్రారంభించింది. తమ నేతగాళ్ళను కాపాడుకొనేందుకు ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1721లో ఈ బట్టలను నిషేధించాయి. డచ్చివారు నిషేధించలేదు. హిండెలోపెన్ అనే నావికుల ఊరిలో స్త్రీలు వీటితో పొడుగాటి అంగీలు కుట్టించుకున్నారు. ఎర్రపూలది శుభానికి, నీలిపూలది సంతాపానికి.

కరక్కాయ కషాయంలో, పాలలో తడిపి ఆరబెట్టిన బట్టపై పటిక నీటితో బొమ్మ గీసి, చిరివేరుతో ఉడికిస్తే, పటిక సోకినచోటనే ఎరుపు పట్టేది. నీలం వద్దనుకున్నచోట మైనం పూసి నీలిమందులో ముంచేవారు. ఇంత శ్రమించిన చేతుల పేర్లు మాత్రం ఎవరూ వ్రాసిపెట్టలేదు.

మా అమ్మమ్మ పుట్టిల్లు బందరే. ఆమె తెచ్చుకున్న చీటీదుప్పటి ఏమైనదని అడిగాను. అమ్మ కొంచెం సిగ్గుపడింది. చిరుగులు పట్టాక, మా పసితనంలో పొత్తిగుడ్డలుగా చింపివేసిందట. మిగిలిన మూరెడు ముక్క దేవుడి గూటిలో రామాయణానికి చుట్టి ఉన్నది. ఆమెపై నాకు కోపం రాలేదు. అక్కడివారికి దాచుకొనే పెట్టెలున్నాయి. మా ఇంట్లో పిల్లలున్నారు.

కాని మా అమ్మాయి ఆ ముక్కను తాకి, అదేమిటని హిందీలో అడిగింది. అప్పుడు గుండె కలుక్కుమన్నది. గుడ్డ ఎలాగూ అరిగిపోయింది. అమ్మ తరువాత ఆ మాటను పలికేదెవరు?

ఆ రాత్రి ఒక కాగితంపై అమ్మమ్మ పేరు, ఊరు, ‘చీటీగుడ్డ’ అన్న మాట వ్రాశాను. అమ్మ దానిని ఆ ముక్క అంచున సూదిదారంతో కుట్టింది.

“చీటీకి చీటీయా!” అని నవ్వింది.

మా అమ్మాయి దీపం దగ్గరకు తీసుకువెళ్ళి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివింది.