చెవుల ముచ్చటకి చీటీ డబ్బా?

ఒక్క హెడ్‌ఫోన్ కోసం మీ అబ్బాయి మీ చీటీ డబ్బులు అడిగితే ఏమంటారు? నేను మాత్రం "ముందు నన్ను విననీరా" అన్నాను. వాడి దగ్గరున్నది సెన్‌హైజర్ హెచ్‌డి 600, 1997లో వచ్చిన రకం. స్నేహితుడు అమ్ముతానంటున్నది హెచ్‌డి 800. 2009లో వచ్చినప్పుడే దాని ధర 1,400 డాలర్ల దరిదాపుల్లో ఉండేదట!

రెండూ పెట్టుకుని విన్నాను. వీణ కచేరీకి 800దే పైచేయి. వీణ ఒకచోట, మృదంగం ఇంకోచోట, ఎడంగా కూర్చున్నట్టే ఉంది. కాదనను. కానీ 'మాయాబజార్' పాటలు పెట్టించాను చూడండీ, అవి 1957 నాటి మోనో రికార్డింగులు. రెండు చెవులకీ ఒకటే వస్తుంటే ఇక ఎడమెక్కడిది? ఘంటసాల గారి గొంతు నాకు 600లోనే దగ్గరగా, వెచ్చగా అనిపించింది. మా ఇంట్లో మోగేవి ఎక్కువగా ఆ పాటలే.

మీ ఇంట్లోనూ ఎవరైనా కొంటామంటే ఒకటి అడగండి. ఈ రెండూ 300 ఓమ్‌లవి. సెల్‌ఫోన్‌కి తగిలిస్తే నీరసంగా పాడతాయి, మంచి ఆంప్లిఫయర్ విడిగా కొనాలి. వెనకవైపు జాలీ కాబట్టి కుక్కర్ విజిల్ వినబడుతుంది (మనకది మంచిదే), బస్సులో మాత్రం దండగ.

600కి చెవి మెత్తలు విడిగా దొరుకుతాయి. అవి మార్పించుకోమని డబ్బిచ్చాను. చీటీ డబ్బు అమ్మాయి హాస్టల్ ఫీజుకి కట్టేశాం. వాడు రెండ్రోజులు మూతి ముడుచుకున్నాడు లెండి.