ఊరి ప్రక్క పొలము

ఇంగ్లండులో ఇల్లు కట్టుకొనుటకు స్థలము సొంతమైనంత మాత్రమున చాలదు. 1947వ సంవత్సరపు చట్టము మొదలుకొని, ఎవ్వరి భూమిలోనైనను క్రొత్త గృహము లేవవలెనన్నచో కౌన్సిలువారి యనుమతి కావలెను. ఆ యనుమతి యొసగుటకు ముందు ఊరివారి మాటయు వినవలెను. ఇందలి మంచిచెడ్డలు నాకు మా యూరి పొలము నేర్పినది. మేము తెనాలి ప్రాంతమువారము. నా భర్త యుద్యోగరీత్యా పదునాలుగేండ్లుగా ఇక్కడి యొక చిన్న గ్రామమున కాపురమున్నాము.

1967లో ఇచట మఱియొక చట్టము పుట్టినది. ఒక్కొక్క మేడను గాక, వీధులు, గోడలు, చెట్లు, వాని నడిమి ఖాళీ జాగా అన్నియు కలిసి యొక రూపు దాల్చిన చోటును పరిరక్షిత ప్రదేశముగా ప్రకటించు నధికారము దానివలన కౌన్సిళ్లకు వచ్చెను. ఆ యేడే స్టాంఫర్డు అను పట్టణమును మొట్టమొదట అట్లు ప్రకటించిరి. నేడు ఇంగ్లండులో అట్టివి సుమారు 10,000 గలవు. మా యూరి నడిబొడ్డు వానిలో నొకటి. అయితే దాని సరిహద్దు చర్చి వెనుక రాతిగోడతో నిలిచిపోయినది. గోడ కావలి పొలము దానికి వెలుపలిది. ఆ పొలముననే 48 ఇండ్లు కట్టెదమని యొక సంస్థవారు దరఖాస్తు పెట్టిరి.

ఆ పొలమున పంట లేదు, గొఱ్ఱెలు మేయుచుండును. చూడవచ్చినవారికి అందేమున్నదని తోచును. కాని చలికాలపు సాయంకాలమున ఎండ ఏటవాలుగా పడినప్పుడు నేలయంతయు అలలు అలలుగా కనబడును. అవి పాత దుక్కి గుర్తులు. మధ్యయుగమున ఎద్దుల నాగళ్లతో దున్నినవారు ఏటేట మట్టిని పట్టె నడుమకే త్రోయుచుండుటచే అచట గట్లు లేచినవి. ఒక్కొక్క కుటుంబమువారు దున్నుకొనునది కొన్ని పట్టెలు. పిమ్మట ఆ నేలను పచ్చికకు వదలిరి. మరల నాగలి సోకకుండుటచే గట్లు చెరగలేదు. గోడ కీవల ఇండ్లు, ఆవల ఆ యిండ్లవారు దున్నిన నేల. ఊరిచట ఏల వెలసెనో చెప్పుటకు ఆ పొలమే సాక్షి. నాగలి యెఱిగిన యింట పుట్టినదానను గనుక కాబోలు, ఆ గట్లను చూచునప్పుడు నాకిది పరాయిదేశ మనిపించదు.

ఊరంతయు లేచినది. మా కిటికీలోనుండి కనబడు పచ్చదనము పోవునని కొందఱు, ఇండ్ల వెల పడిపోవునని కొందఱు వ్రాసిరి. ఈ రెంటిని ఇచటి న్యాయము లెక్కచేయదు. చేయకుండుటయే మంచిదని నా యభిప్రాయము. పరిరక్షిత ప్రదేశము చుట్టుపట్లు చెడునా, బాటపై రాకపోకలకు అపాయమా, మురుగునీరు పోవు దారి యున్నదా అను ప్రశ్నలే చెల్లును. కలుగు హానిని, ప్రజలకు చేకూరు మేలును త్రాసున వేసి చూతురు. 48 కుటుంబములకు నీడ దొరకుట మేలు కాదని యెవ్వరనగలరు?

ఆ వేసవిలో మా యత్తగారు వచ్చియుండిరి. నేను ఆక్షేపణ వ్రాయుచుండగా ప్రక్కన కూర్చుండి, “అమ్మాయీ, ఇల్లున్నవారందఱు కూడి లేనివారికి ఇల్లు వలదని వ్రాయుట యేమి న్యాయమే?” అని యడిగిరి.

“ఆ పొలమున వలదంటిమి గాని, ఇండ్లే వలదనలేదత్తయ్యా” అంటిని.

“అట్లయిన ఎచట కట్టవలెనో అదియు వ్రాయుము” అనిరి.

ఆ మాట సూటిగా తగిలినది. మా బడిలో చిన్నపిల్లలను చూచు యువతి ఈ యూర పుట్టినదే. ఇచట అద్దె భరింపలేక 12 మైళ్ల దూరపు పట్టణమునుండి బస్సులో వచ్చుచున్నది. ఈ దేశపు నిబంధనలలో ఆమెవంటివారి కొక త్రోవ యున్నది. మామూలుగా కట్టనీయని ఊరి వెలుపలి చోటనైనను, ఊరివారికే, వారు భరింపగల వెలకే, ఎప్పటికిని అట్లే యుండునట్లు కొలదిపాటి ఇండ్లు కట్టవచ్చును. ఊరికి రెండవ కొసను రాకపోకలు చక్కగానున్న బాట ప్రక్కన పాడుపడిన కొట్టముల దొడ్డి యున్నది. దానిని గూర్చి నా లేఖలో ఒక పుట వ్రాసితిని.

కౌన్సిలు సభలో మాటాడుటకు మూడే నిమిషములు. నేను పొలముతోబాటు దొడ్డి మాటయు చెప్పితిని. సభవారు దరఖాస్తును త్రోసివేసిరి. పరిరక్షిత ప్రదేశపు పరిసరమునకు హాని యని కారణము చూపిరి. సంస్థవారికి అప్పీలు చేసుకొన 6 మాసముల గడువుండెను. అనుమతి వచ్చియున్నచో మాకు అట్టి హక్కు లేదు. ఈ యొంటిచేతి న్యాయము నాకు నచ్చదు. గడువు గడచినది, వారు రాలేదు. కాని 2024లో వచ్చిన ప్రభుత్వము తన పాలనాకాలములో 15 లక్షల ఇండ్లు లేపెదమని ప్రకటించియున్నది. మఱియొకరు రేపు రావచ్చును.

ఇప్పుడు దొడ్డిలో 8 ఇండ్లకు దరఖాస్తు వచ్చినది. గ్రామ కౌన్సిలు వచ్చు గురువారము దానిని విచారించును. పొలముకొఱకు అందఱికన్న గట్టిగా కేకలు వేసినవారిలో ఇద్దఱు అప్పుడే దీనిని వలదని వ్రాసిరట. నేను కావలెనని వ్రాసి నిన్ననే పంపితిని.