చింతపండు డబ్బాలో గోలీలు

మందు మానేసిన మనిషిని గుమ్మంలోనే గుర్తుపడతాను. ఒంటిమీద వదులైన చొక్కా, తప్పించుకునే చూపు, అడక్కముందే వచ్చే సంజాయిషీ: "ఊరికి పోయిన సాబ్, గోలీలు ఈడనే మర్చిపోయిన." ముంబై కామాఠీపురా గల్లీలో ప్రాక్టీసు పెట్టినప్పటి నుంచి ఈ మాట మీద కోప్పడినంతగా నేను దేనిమీదా కోప్పడలేదు. టీబీ వాళ్లు దగ్గు తగ్గగానే మానేస్తారు. షుగరు వాళ్లు కాకరకాయ రసం దొరికితే మానేస్తారు. హెచ్‌ఐవీ వాళ్ల సంగతి వేరు. వాళ్లు మర్చిపోరు. ఫోన్లో అలారం పెట్టుకుని మరీ గుర్తుంచుకుంటారు. వాళ్లకు లేనిదల్లా ఆ గోలీ మింగడానికి చోటు.

వర్లీ బీడీడీ చాళ్లలో ఒక గది 160 చదరపు అడుగులు. మా గల్లీల్లో అంతకన్నా ఇరుకు ఖోలీలున్నాయి. వంట, దేవుడి పటాలు, అత్త మంచం, పిల్లల చదువు, అన్నీ అందులోనే. ముప్పై గోలీలున్న ప్లాస్టిక్ డబ్బా కదిలిస్తే గలగలమంటుంది. ఆ చప్పుడు బయటికి రాకుండా లోపల దూది కుక్కిన ఆడవాళ్లను చూశాను. పొట్లం కట్టి బియ్యంలో దాచి, చెమ్మకు మెత్తబడ్డ గోలీని కూడా కళ్లు మూసుకుని మింగినవాళ్లను చూశాను. పెళ్లికి చుట్టాలు దిగితే ఆ వారమంతా మందు ఉండదు. బతుకమ్మకు ఊరెళ్తే తిరిగొచ్చేదాకా ఉండదు. దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేముందు డబ్బా ఎవరి కంట పడుతుందోనని ఇంట్లోనే వదిలేసి పోతారు.

ఎంత ప్రమాదమో చెప్పాలి. ఈ వైరస్ ఒంట్లోంచి పూర్తిగా పోదు, కొన్ని కణాల్లో నక్కి ఉంటుంది. మందు రోజూ పడుతున్నంతకాలం పెరగదు. మానేస్తే రెండు మూడు వారాల్లోనే మళ్లీ రక్తంలో కనబడుతుంది. మానుతూ మొదలెడుతూ ఉంటే మందుకు లొంగని రకం తయారవుతుంది. మూడు మందులు కలిసిన ఒక్క గోలీ, రోజుకొక్కసారి, ఉచితం. దీన్ని కూడా మింగనివ్వని ఇళ్లు ఉన్నాయంటే నా కోపం ఇప్పుడు రోగి మీద కాదు, ఆ ఇళ్ల మీద.

ఒక ఖానావళి నడిపే ఆవిడ గురించి చెబుతాను. పేరు రాయను, ఊరు రాయను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. నలభై అయిదు దాటాక నా దగ్గరికి వచ్చింది. మెడ పక్కన గడ్డలు, సాయంత్రం జ్వరం, ఒంట్లో కండ లేదు. టీబీ తేలింది. టీబీ తేలితే హెచ్‌ఐవీ పరీక్ష చేయించాలి. చేయించాను. రోగాన్ని ఎదిరించే సీడీ4 కణాలు వందలోపు ఉన్నాయి.

కామాఠీపురా అనగానే లోకం సానివాడ అనుకుంటుందని నాకు తెలుసు. 18వ శతాబ్దం చివర్లో నిజాం రాజ్యం నుంచి ఈ నగరాన్ని కట్టడానికి వచ్చిన కూలీల పేరు మీద వెలిసిన పేట ఇది. ఇక్కడి అడ్రసు చెబితే సంబంధాలు వెనక్కి పోతాయని "ఫ్యామిలీ రూమ్" అని తలుపు మీద రాసుకుని బతికే సంసారులున్నారు. ఊళ్లో ఆమె జబ్బు సంగతి పొక్కితే ముందు పేటనే నిందిస్తారు, తర్వాత ఆమెను. మొగుణ్ని ఎవరూ అడగరు. అతనికి జబ్బు ఉందని తెలిసి అప్పటికే కొన్నేళ్లయింది. ఎక్కడో దూరపు కేంద్రంలో పేరు రాయించుకుని క్రమం తప్పకుండా మందు తెచ్చుకుంటూనే ఉన్నాడు. ఆమె రిపోర్టులు వచ్చే నాటికి భివండీలో మరో కాపురం పెట్టాడు.

"ఆయన రోజూ గోలీ మింగుడు నేను జూసిన సాబ్," అంది. "బీపీది అన్నడు. నేనే నీళ్లిచ్చిన."

నాకు నోట మాట రాలేదు. జబ్బు అంటించడం తెలియక జరిగి ఉండొచ్చు. తెలిసిన రోజున ఒక్క మాట చెప్పి ఉంటే ఆమెకు అప్పుడే మందు మొదలయ్యేది, టీబీ దాకా వచ్చేది కాదు. తన ప్రాణం నిలబెట్టుకుంటూ, నీళ్లగ్లాసు అందించే మనిషి ప్రాణం పోతుంటే చూస్తూ కూర్చోవడం నా దృష్టిలో ఇంకో ఆడదానితో పోవడం కన్నా పెద్ద ద్రోహం.

వైద్యం సూటిగా సాగింది. టీబీకి ఆరు నెలలు. మూత్రం ఎర్రగా వస్తే నెత్తురని భయపడింది, రిఫాంపిసిన్ రంగని చెప్పాను. ఆ టీబీ మందు హెచ్‌ఐవీ గోలీలోని డోల్యూటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి టీబీ మందులు సాగినన్నాళ్లూ అది రెండు పూటలా పడాలి. పడింది. బరువు పెరిగింది, ఖానావళి మళ్లీ తెరిచింది. ఇంతలో కూతురికి సంబంధం కుదిరింది, వియ్యాలవారు వచ్చి మకాం పెట్టారు. గోలీలు చింతపండు డబ్బా అడుక్కి చేరి, అక్కడే ఉండిపోయాయి. ఆ నెల ఆమెను ఎంత తిట్టానో! తల వంచుకుని విన్నది. "బిడ్డ పెండ్లి అయినంక చావన్నా వస్తది సాబ్" అంది. ఇంకా ఎక్కువ తిట్టాను.

తర్వాత ఆమె జీవితంలోకి వచ్చిన ఆయన మాత్రం నాకు పాత పేషెంటే. యాభై దాటిన దర్జీ, భార్య పోయి చాలా కాలమైంది. తండ్రి 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో పని పోగొట్టుకున్న కార్మికుడు. అప్పట్నుంచి ఆ ఇల్లు కుట్టుమిషను మీదే నడిచింది. ఈయనకు షుగరు. నేను రాసినవి మానేసి ఎవరో ఇచ్చిన పసరు తాగి, కాలికి పుండు పడ్డాక వచ్చాడు. రెండు పూటలా తినేది ఈమె ఖానావళిలోనే. ఆ కట్టు చూసి సంగతి కనుక్కుంది. మర్నాటి నుంచి "గోలీ ఏసుకున్నంకనే కంచం" అని నియమం పెట్టిందట. నేను ఏళ్లతరబడి అరిచి సాధించలేనిది ఆ కంచంతో ఆమె సాధించింది. పుండు మానింది. ఆయన తిన్నాక కూడా కూర్చోవడం, కూరగాయల సంచి మోసి పెట్టడం, ఆమె చీరకు ఫాల్ కుట్టి ఇవ్వడం. గల్లీ అంతా చూసింది. వాళ్లిద్దరే చివర తెలుసుకున్నారు.

అప్పుడొచ్చింది నా దగ్గరికి. "మీరే చెప్పుండ్రి సాబ్, నాతోని కాదు." 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం రోగి ఒప్పుకోనిదే సంగతి బయటపెట్టకూడదు. ప్రమాదంలో ఉన్న భాగస్వామి విషయంలో మాత్రం డాక్టరుకు కొన్ని షరతుల మీద వీలుంది. ఇక్కడ ఆ అవసరం రాలేదు. నీ నోటితోనే చెప్పమ్మా, పక్కన నేనుంటా అన్నాను.

చెప్పింది. ఆయన విన్నాడు. "నాకెరుకే సాబ్" అన్నాడు. "చింతపండు డబ్బాల జూసిన. మా తమ్ముడు 2003ల పోయిండు. గీ గోలీలు ఫుకట్ల ఇచ్చుడు మొదలైనంక మా వాడకట్టుల శానమంది తాన అసొంటి డబ్బనే జూసిన. ఆమెనే చెప్తదని ఊకున్న."

ఉచితంగా మందివ్వడం దేశంలో 2004 ఏప్రిల్ 1న మొదలైంది. తొలి విడతలో ఎనిమిది ఆస్పత్రులుంటే వాటిలో మా పక్కనున్న జేజే ఒకటి. ఆ తమ్ముడు దాన్ని అందుకోలేకపోయాడు. ఆ డబ్బా విలువ ఈయనకు తెలిసినంతగా నాకు కూడా తెలియదనిపించింది. అయినా గట్టిగానే అన్నాను: తెలిసీ ఊరుకోవడం మంచితనం కాదయ్యా, నువ్వు అడిగి ఉంటే ఆమె అన్ని నెలలు డబ్బా దాచుకునేది కాదు.

ఆయన అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, గోలీ ఏ టైముకు అని. ఇప్పుడు రాత్రి భోజనానికి ముందు ఇద్దరూ ఒకే గ్లాసు నీళ్లతో ఎవరి గోలీ వాళ్లు వేసుకుంటారు. డబ్బా ఉప్పు పక్కన, అందరికీ కనబడే చోట ఉంది. తర్వాతి పరీక్షలో వైరస్ లెక్కకు అందలేదు. లెక్కకు అందని స్థితి నిలిచినంతకాలం కలిసి ఉన్నా తోటి మనిషికి సోకదు. 2016లోనూ 2019లోనూ వెలువడ్డ ఐరోపా అధ్యయనాల్లో అలాంటి జంటల్లో ఒక్కరికి కూడా తోడు నుంచి అంటలేదు. ఇది ఆయనకు రెండుసార్లు చెప్పాను, ఆమెకు పదిసార్లు చెప్పాల్సి వచ్చింది. తాకితే అంటుతుందన్న భయం ఆయనలో లేదు, ఆమెలోనే ఉంది.

1986లో చెన్నైలో దేశంలోని మొదటి హెచ్‌ఐవీ కేసులను బయటపెట్టిన డాక్టర్ సునీతి సాలమన్, తర్వాతి కాలంలో తన రోగులకు తానే పెళ్లి సంబంధాలు చూసేవారు. డాక్టరుకు ఈ పని ఎందుకని నేనూ ఒకప్పుడు అనుకునేవాణ్ని. ఇప్పుడు అనుకోను. తోడు దొరికిన రోగికి మందు మింగడానికి చోటు దొరుకుతుంది.

ఆమె కొడుకు మాత్రం "ఈ వయసుల గిదేంది" అని మాట్లాడటం మానేశాడు. ఆమె తమ్ముడు ఊరి నుంచి ఫోన్ చేసి పరువు పోయిందన్నాడు. బావ భివండీలో కాపురం పెట్టినప్పుడు ఆ పరువు ఎక్కడుందని అడుగుదామని నంబరు తీసుకున్నాను. ఆమె వద్దంది.

పెళ్లి ఇంకా కాలేదు. మొగుడు బతికే ఉన్నాడు, ముందు విడాకులు రావాలి. వదిలేసి రెండేళ్లు దాటితే అదొక కారణం, సోకే సుఖవ్యాధి మరో కారణం. కేసు బలంగా ఉంటుంది, రెండూ రాద్దామన్నాడు వకీలు. ఆమె ఒప్పుకోలేదు. "ఇడిసిపెట్టి పోయిండు, గంతే రాయుండ్రి. బీమారి ఉన్నోళ్లందరు చెడ్డోళ్లు గాదు గదా." బాంద్రా ఫ్యామిలీ కోర్టులో వాయిదాలు నడుస్తున్నాయి. వాయిదా ఉన్న రోజు పొద్దున ఇద్దరూ ఇటు వచ్చి చూపించుకుని పోతారు. ఆయన షుగరు పరగడుపున ఇంకా 160 దగ్గరే ఉంది. అన్నం తగ్గించాలి. వడ్డించేది ఆమె గనుక ఆమెకే గట్టిగా చెప్పాను.