మెదక్ దారిలో ఆగిన కారు



హైదరాబాదు నుండి మెదక్ దేవాలయమునకు దాదాపు నూరు కిలోమీటర్ల దారి. గత డిసెంబరులో ఒక శనివారము మా అమ్మగారిని వెంటబెట్టుకొని మేము ఆ దారిన బయలుదేరాము. ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్లు. కంటిలో ఒత్తిడి పెరిగి చూపు తగ్గిపోతున్నది. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదానిని కాపాడుకొనుటకే ఈ చుక్కల మందు అనీ డాక్టరుగారు చెప్పారు. అప్పటినుండి ఆమె కోరిక ఒక్కటే. చిన్నతనములో తండ్రి చెయ్యి పట్టుకొని చూచిన మెదక్ గుడి రంగుల కిటికీలను మరొక్కసారి చూడాలని.

ఆ కిటికీల సంగతి తెలిసినవారికి మా తొందర అర్థమవుతుంది. పగటి వెలుతురు బయటనుండి వస్తేనే ఆ బొమ్మలు కనబడతాయి. పొద్దు గుంకిన తరువాత లోపల ఎన్ని దీపాలు వెలిగించినా అవి నల్లని అద్దాలే. డిసెంబరులో సాయంత్రము ఆరుకాకముందే పొద్దు గుంకుతుంది. మేము బయలుదేరేసరికే పన్నెండు దాటింది.

దుండిగల్ దాటి, నర్సాపూర్ అడవిలో ప్రవేశించాము. దారికి ఇరువైపులా చెట్లు, గోడలమీద కోతులు. ఆ చల్లదనము అనుభవిస్తూ ఉండగానే కారు రెండు మూడుసార్లు కుదుపులిచ్చి ఆగిపోయింది. తాళం తిప్పితే ఇంజను బాగానే తిరుగుతున్నది గాని అంటుకోవడము లేదు. మళ్లీ తిప్పాము. మళ్లీ మళ్లీ తిప్పాము. పెట్రోలు ముల్లు సగానికి పైనే చూపుతున్నది. వెనుక సీటులోనుండి అమ్మ, "బిడ్డా, పొద్దు గుంకకముందు చేరుతమా?" అని అడిగింది. మేము జవాబు చెప్పలేకపోయాము.

ఒక లారీ డ్రైవరు కబురు చెప్పగా నర్సాపూర్ నుండి ఒక మెకానిక్కు బండిమీద వచ్చాడు. పాతికేళ్లు ఉండవు. ముందుగా, "సార్, ఇగ తాళం తిప్పకుండ్రి. బ్యాటరీ దిగిపోతది" అన్నాడు. ఇంజను వేడి తగ్గేదాకా ఆగి, చుట్టూ చేరినవారిలో బీడీ ముట్టించబోయిన ఒకాయనను దూరముగా పంపి పనికి దిగాడు.

అతడు వెదకిన తీరు మాకు ముచ్చటగా తోచింది. ఇంజనుకు గాలి, పెట్రోలు, నిప్పురవ్వ, ఈ మూడూ అందాలి. ప్లగ్గు విప్పి చూచాడు. రవ్వ బాగానే వస్తున్నది. అయితే ప్లగ్గు కొన ఎండిపోయి ఉన్నది. అన్నిసార్లు తాళం తిప్పిన తరువాత అది పెట్రోలుతో తడిసి ఉండాలి. "టాంకిల పెట్రోలున్నది సార్, ఇంజనుకు చేరుతలేదు" అన్నాడు.

మాది కార్బురేటరున్న పాత కారు. ఇంజను తిరిగితేనే దాని పంపు పనిచేస్తుంది. అతడు రవ్వ పుట్టకుండా కాయిల్ తీగ ఊడదీసి, కార్బురేటరుకు వెళ్లే గొట్టాన్ని ఒక సీసాలో పెట్టి మమ్మును తాళం తిప్పమన్నాడు. నాలుగు చుక్కలు పడ్డాయి, అంతే. తరువాత టాంకీకీ పంపుకూ మధ్యనున్న ఫిల్టరు విప్పి ఊదితే గాలి పోలేదు. దానిని తట్టగా ఎర్రని తుప్పు పొడి రాలింది. ఫిల్టరు తీసినచోట గొట్టానికి సైకిలు పంపు తగిలించి, టాంకీ మూత తీసి వెనుకకు గాలి కొట్టగా టాంకీలో బుడబుడమని శబ్దము వచ్చింది. "దారి సాఫ్ అయింది" అన్నాడు. కొత్త ఫిల్టరు వేసి తాళం తిప్పితే ఈసారి సీసాలో పెట్రోలు ధారగా పడింది.

కారు నెలల తరబడి కదలక నిలిచి ఉంటే టాంకీలో చెమ్మ చేరి లోపల తుప్పు పడుతుందట. కొత్త కార్లలో పంపు టాంకీలోనే ఉంటుంది. తాళం వేయగానే వెనుకనుండి రెండు క్షణాలు సన్నగా జుయ్ మని వినబడాలి. వినబడకపోతే ముందుగా ఫ్యూజు చూడాలని కూడా అతడు చెప్పాడు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ ఫిల్టరు మార్చమని మా వీధి మెకానిక్కు ఆరు నెలల క్రిందటే చెప్పాడు. మెదక్ తీసుకువెళ్లమని అమ్మ ఏడాదిగా అడుగుతూనే ఉన్నది. కూటములనీ కమిటీలనీ మేము వాయిదా వేస్తూ వచ్చాము. ఆ ఏడాదిలోనే తల్లిదండ్రుల సన్మానమును గురించి రెండుసార్లు ప్రసంగించాము కూడా. అమ్మమీద ప్రేమ లేక కాదు. టాంకీలో ఉన్నది, చేరవలసినచోటికి చేరలేదు. జెకర్యా ప్రవక్తకు కలిగిన దర్శనములో దీపస్తంభముతోపాటు నూనె పారే గొట్టాలు ఎందుకు కనబడ్డాయో ఆ రోడ్డుపక్కన నిలబడి ఆలోచించుకున్నాము.

మూడున్నరకు మళ్లీ బయలుదేరి కౌడిపల్లి, కొల్చారం దాటి అయిదు కాకముందే మెదక్ చేరాము. 175 అడుగుల ఆ గోపురము దూరమునుండే కనబడింది. కరవు రోజులలో ఆకలిగొన్నవారికి పని కల్పించి, దానికి బదులు అన్నము పెడుతూ పోస్నెట్ దొరగారు కట్టించిన గుడి అది. 1914లో పని మొదలై, 1924 క్రిస్మసు దినాన ప్రతిష్ఠ జరిగింది. బల్ల వెనుక ఆరోహణ కిటికీ 1927లో, జనన కిటికీ 1947లో, సిలువ కిటికీ 1958లో అమర్చారు. సిలువ కిటికీ వచ్చేనాటికి అమ్మకు పదేళ్లు దాటాయి.

అమ్మను నడిపించుకొనివెళ్లి ముందు వరుసలో కూర్చుండబెట్టాము. ఆమె చాలాసేపు తల ఎత్తి చూచింది. "మొకాలు కనబడుతలేవు బిడ్డా. రంగులు కనబడుతున్నయి" అన్నది. నిరుడే తెచ్చి ఉంటే ముఖాలు కూడా కనబడేవేమో! మేమేమీ అనలేక ఆమె చెయ్యి పట్టుకున్నాము. వెలుతురు తగ్గి అద్దాలు నల్లబడేదాకా అక్కడే కూర్చున్నాము.

ప్రియ పాఠకులారా, మీ బండి ఫిల్టరు ఎప్పుడు మార్చారో ఒకసారి చూచుకోండి. మీ ఇంట ఎవరైనా ఏడాదిగా మిమ్మును ఏదైనా అడుగుతుంటే, ఈ శనివారమే బయలుదేరండి. కాస్త పెందలకడనే.

ప్రభువు మీ రాకపోకలయందు మీకు తోడుగా ఉండును గాక.