మాగ్డెబర్గ్‌లో కిటికీకి చెమటలు
జర్మనీలో మా మాగ్డెబర్గ్‌కి చలికాలంలో వస్తే పొద్దున్నే వీధిలో ఓ రౌండ్ వేయండి. బయట సున్నా డిగ్రీలు, ఎల్బే నది మీంచి కోసేసే గాలి. అయినా అపార్ట్‌మెంట్లలో కిటికీలు బార్లా తెరిచి ఉంటాయి. ఐదు పది నిమిషాలు, అంతే. మళ్లీ టపటపా మూసేస్తారు.

ఈ ఊరికి గాలితో చుట్టరికం పాతదే. 17వ శతాబ్దంలో ఇక్కడి మేయర్ ఓటో ఫాన్ గెరికే రెండు అర్ధగోళాలను కలిపి లోపలి గాలి తోడేశాడు. అటూ ఇటూ గుర్రాలు కట్టి లాగించినా అవి ఊడిరాలేదు. నేను చదివేది ఆయన పేరున్న యూనివర్సిటీలోనే.

మా ఫ్లాట్‌లో ముగ్గురం తెలుగువాళ్లం. రెండు పూటలా అన్నం, చారు, వేడినీళ్ల స్నానాలు, హీటర్ పక్కనే ఆరేసిన బట్టలు. తెల్లారేసరికి అద్దం మీద నీళ్లు ధారకడతాయి. కొత్తగా దిగిన తమ్ముడు "అన్నా, కిటికీ లీకవుతోంది" అన్నాడు. లీకేం కాదురా, అవి మన చారు నీళ్లే!

20 డిగ్రీల గదిలో తేమ 60 శాతం ఉందనుకోండి. అద్దం 12 డిగ్రీలకు చల్లబడితే చాలు, ఆవిరి నీరైపోతుంది. సున్నా డిగ్రీల గాలి ఘనపు మీటరుకు 5 గ్రాముల లోపే ఆవిరి మోస్తుంది. అదే 20 డిగ్రీల గాలి 17 గ్రాముల దాకా మోయగలదు. అందుకే బయట పొగమంచున్నా సరే, ఆ గాలి లోపలికొచ్చి వేడెక్కితే పొడిగాలే. దీన్ని ఇక్కడ ష్టోస్‌ల్యుఫ్టెన్ అంటారు. మా అద్దె అగ్రిమెంట్‌లోనూ రాసి ఉంది.

వీడియో కాల్‌లో అమ్మ "చలిలో కిటికీలు తీసుక్కూర్చున్నావేంట్రా?" అంటుంది. ఆమె లెక్క ఆమెది. మా బందరులో వానాకాలం కిటికీ తీస్తే తేమ లోపలికే వస్తుంది, డబ్బాలో ఉప్పు నీరుగారిపోతుంది.

కిటికీని పైన కాస్త వంచి రోజంతా వదిలేసేవాళ్లూ ఉన్నారు. నాకైతే అది నచ్చదు. గాలి సరిగ్గా మారదు, చుట్టూ గోడ మాత్రం చల్లబడిపోతుంది. బూజుకి కావాల్సింది అదే. బీరువాని బయటి గోడకి ఆనించినా అంతే, కనీసం నాలుగు వేళ్ల సందు వదలాలి. మాకంటే ముందు ఈ గదిలో ఉన్నవాళ్ల డిపాజిట్‌లో ఓనర్ కోత పెట్టింది బీరువా వెనక నల్లబడ్డ గోడకే. ఆ బీరువా ఇప్పుడు మా గదిలో లోపలి గోడ వైపుకి మారింది.