గుర్తు చేస్తేనే మేలుకొన్న బలం

"తాతయ్యా, నీకు సూపర్ పవర్ వస్తే ఏం చేస్తావు?" టీవీలో బొమ్మల సినిమా చూస్తూ అడిగాడు మా మనవడు. వాడైతే బడికి ఎగిరి వెళ్తాడట. తనని కొట్టినవాణ్ణి తాటిచెట్టు మీద కూర్చోబెడతాడట!

వాడికి హనుమంతుడి కథ చెప్పాను. దేవతలిచ్చిన వరాలతో బాల మారుతి మునుల ఆశ్రమాల్లో చెలరేగి యజ్ఞపాత్రలు విరిచేవాడు, నారచీరలు చింపేవాడు. వాళ్ళు విసిగిపోయి, ఎవరైనా గుర్తు చేసేదాకా నీ బలం నీకు తెలియదు పొమ్మని శపించారు. అందుకే నూరు యోజనాల సముద్రం ముందు జాంబవంతుడు చెప్పేదాకా మౌనంగా కూర్చున్నాడు. నాకైతే అది శాపంలా కాదు, వరంలా అనిపిస్తుంది. ఆ బలం సరదాకి కాక, పరుల పనికే మేలుకొంది.

"మరి లంక తగలబెట్టాడుగా?" అన్నాడు వాడు.

తగలబెట్టాడు. వెంటనే, ఆ మంటల్లో సీతమ్మ కూడా కాలిపోయిందేమోనని హడలిపోయి, తన కోపాన్ని తానే నిందించుకున్నాడు. ఆమె క్షేమమని చారణుల మాటలు విన్నాకే కుదుటపడ్డాడు.

ఇది చెబుతుంటే నాకు పాత సంగతి గుర్తొచ్చింది. మా బరంపురంలో పుట్టి పెరిగిన నాకు తెలుగూ ఒడియా రెండూ వచ్చు. ముప్ఫయ్యేళ్ళ కిందట ఒక ఆస్పత్రిలో, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన రైతుకి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. తెలుగు రాని డాక్టరుగారు ప్రాణాపాయం ఉండవచ్చని నాకు వివరించి, అతనికి చెప్పమన్నారు. పాపం భయపడతాడని, "ఏం ఫరవాలేదు, చిన్న ఆపరేషనే" అన్నాను. దేవుడి దయవల్ల బతికాడు. ఊరికి వెళ్తూ నా చేతులు పట్టుకుని, "తమరి మాట మీదే వేలిముద్ర ఏసినాను బాబూ" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుతుంది. ప్రాణం అతనిది, నిర్ణయం మాత్రం నేను చేశాను. నిజం తెలిస్తే కూతురికి కబురు పెట్టుకునేవాడేమో, అప్పుల సంగతి ఇంట్లో చెప్పుకునేవాడేమో! సీతమ్మ క్షేమంగా ఉన్నంత మాత్రాన మారుతి పశ్చాత్తాపం వృథా కాదు కదా.

రెండు భాషల మధ్య బతికే మనందరి దగ్గరా ఈ శక్తి ఉంది. అవతలివాడికి మన మాటే దిక్కైనప్పుడు, దాన్ని ఉన్నదున్నట్టు అందించడమే ధర్మం.

మనవడు కాసేపు ఆలోచించాడు. "సరే, వాణ్ణి తాటిచెట్టు ఎక్కించనులే. బడికి మాత్రం ఎగరొచ్చా?"

"ఎగురు నాయనా. దారిలో నడవలేనివాడు కనిపిస్తే వాణ్ణీ ఎక్కించుకో" అన్నాను.