కెమెరా చేతులు మారాలి

మాఘమాసం వచ్చిందంటే కాశీబుగ్గలో కెమెరా పట్టగలిగిన చెయ్యి ఒక్కటీ ఖాళీగా దొరకదు. ఒకే రాత్రి, ఒకే లగ్నానికి వజ్రపుకొత్తూరులో ఒక పెళ్లి, మందసలో ఒకటి, టెక్కలి కల్యాణ మండపంలో ఇంకొకటి. అదే ఆషాఢం వచ్చేసరికి ఫోను మోగదు. మూఢం పడితే మరీను. వీడియో జట్టుని నడిపే పని గురించి మీతో కాసేపు చెప్పుకుందామని కూర్చున్నాను కాబట్టి ముందు ఈ ముహూర్తాల సంగతి ఎత్తాను. మా ఉద్దానం వైపు జట్టులో ఎంతమంది ఉండాలో, ఎవరికి నెల జీతం ఇవ్వాలో, ఎవరిని ఈవెంటుకి ఇంతని పిలవాలో సగం పంచాంగమే తేలుస్తుంది.

మీలో యాభై దాటినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అప్పట్లో పెళ్లి వీడియో అంటే ఒక్క మనిషి. భుజాన పెద్ద కెమెరా, పక్కన లైటు పట్టుకునే కుర్రాడు, వాళ్ల వెనక అందరి కాళ్లకీ అడ్డం పడే వైరు. తీసిన క్యాసెట్టు మిక్సింగ్‌కి పట్నం పోయేది. తిరిగొచ్చేసరికి గులాబీ పువ్వులోంచి వధూవరులు బయటికి వచ్చేవారు. ఇప్పుడు అలాంటి దుకాణాల బోర్డుల మీద క్రియేటివ్ ఏజెన్సీ అని ఉంటోంది. పెళ్లిళ్లతో పాటు జీడిపప్పు బ్రాండుకి ప్రకటన, కాలేజీ అడ్మిషన్లకి రీల్స్, ఆసుపత్రికి డాక్టర్ల ఇంటర్వ్యూలు, అమ్మవారి సంబరానికి లైవ్. ఇద్దరు ముగ్గురితో గడిచిన పనికి ఇప్పుడు షూటింగు ఒకరు, సౌండు ఒకరు, ఎడిటింగు ఒకరు, క్లయింటుతో మాట్లాడేది ఒకరు కావాలి. నేనూ ఆ దారినే వచ్చినవాణ్ణి.

ఇలా పెరిగే జట్లలో దాదాపు ప్రతిచోటా అందరికన్నా బాగా షూట్ చేసేవాడే పెద్ద అవుతాడు. ఆ పెద్దరికం నిలబడాలంటే అతను కెమెరా కింద పెట్టాలి. వినడానికి తేలికే గానీ కష్టమైన పని. సుముహూర్తాన జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో రెండో కెమెరా పెళ్లికూతురి తల్లి ముఖం మీద ఉండాలని అతనికి తెలుసు. ఏ మండపంలో జనరేటర్ మోత మైకులోకి వస్తుందో తెలుసు. బారువ తీరంలో మే నెలలో ఐదున్నర లోపే సూర్యుడు నీళ్ల మీదికి వచ్చేస్తాడని, ఏడు దాటాక ఇసుక తెల్లగా మండిపోయి ముఖాలు చీకటిగా పడతాయని తెలుసు. ఇవన్నీ అతని బుర్రలో ఉన్నంతకాలం ఎంతమందిని చేర్చుకున్నా అది ఒక్కడి దుకాణమే. అతనికి జ్వరం వస్తే ఆ రోజు పని ఆగిపోతుంది.

మా ఊరి జీడిపప్పు యూనిట్లకి ఒకసారి వెళ్లి చూడండి. ఎనభై కేజీల బస్తాలో పిక్కలు దిగుతాయి. ఉడికించేవాళ్లు వేరు, కోసేవాళ్లు వేరు, ఆరబెట్టేవాళ్లు వేరు, పొట్టు తీసే ఆడవాళ్లు వేరు. చివర గ్రేడింగ్ బల్ల దగ్గర 210, 240, 320, బద్ద, ముక్క అని చేతివేళ్లతోనే విడదీసేవాళ్లు వేరు. బస్తా నుంచి ప్యాకెట్టు దాకా ఒక్కరే మోసే యూనిట్ ఎక్కడా లేదు. వీడియో పనీ ఇలాగే సాగాలి. తీసిన ఫుటేజ్ చూసి వాడదగ్గది, దాచదగ్గది, వదిలేయదగ్గది అని ముందు విడదీసే మనిషి ఒకరుంటే ఎడిటర్ సమయం సగం మిగులుతుంది. చాలా చోట్ల ఆ మనిషే ఉండరు. ఎడిటర్ రాత్రంతా కూర్చుని ఊరేగింపు మొత్తం చూస్తూ ఉంటాడు.

ఆ ఫుటేజ్ బరువు ఎంతో కూడా చెప్పాలి. సెకనుకి వంద మెగాబిట్ల లెక్కన ఫోర్‌కేలో తీస్తే గంటకి దగ్గర దగ్గర 45 జీబీ. మూడు కెమెరాలు ఆరు గంటలు తిరిగితే 800 జీబీ దాటుతుంది. అందుకే పెళ్లింటి నుంచి మెమరీ కార్డులు బయటికి కదలక ముందే రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ అవ్వాలి. ఆ రెండూ ఒకే బండిలో ప్రయాణం చెయ్యకూడదు. మూడో కాపీ వేరే ఊళ్లో ఉండాలి. ఈ మూడో కాపీ ఎందుకో ఉద్దానం వాళ్లకి విడమరిచి చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140 కిలోమీటర్ల పైన గాలి. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఆ తుపానుకి ముందు కవిటి, సోంపేట వైపు తీసిన పెళ్లి వీడియోల్లో పందిరి వెనక కొబ్బరి తోటలు నిండుగా కనిపిస్తాయి. అప్పుడు అవి వెనక కనిపించే చెట్లు మాత్రమే. ఈ రోజు ఆ ఇళ్లవాళ్లు వీడియో ఆపి ఆ చెట్లనే చూస్తారు. అందుకని ఫుటేజ్ పారేసే ముందు నన్ను అడగండి అని మా జట్టు పిల్లలకి గట్టిగా చెబుతాను.

నేర్పితే ఎవరైనా నేర్చుకోగలరా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. నా దగ్గర దీనికి మూడు ఊళ్ల జవాబు ఉంది.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టుకున్నారు. ఎక్కువమంది చదువు రానివాళ్లు, పొలం పనులు చేసుకునేవాళ్లు. వాళ్ల వెనక నిలబడిన పి.వి. సతీష్ దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసి వచ్చినవారు. తానే తీసి పెట్టగలిగి ఉండి కూడా ఆయన కెమెరా వాళ్ల చేతికే ఇచ్చారు. ఆ తర్వాత కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది, వరంగల్ జిల్లా బీటీ పత్తి రైతుల గోడు మీద వాళ్లు తీసిన చిత్రం దేశం దాటి వెళ్లింది. ఆ ఆడవాళ్లు షాట్లకి తమ పేర్లు తామే పెట్టుకున్నారు. మనిషి కంటికి సమానంగా కెమెరా పెడితే సంఘం షాట్, పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. నా జట్టులో కొత్తగా చేరినవాళ్లకి నేను చెప్పే మొదటి పాఠం ఇదే. లెన్సుల పేర్లు తర్వాత నేర్చుకోవచ్చు.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీకాంత్ శ్రీరామ్ 2012లో మై విలేజ్ షో మొదలుపెట్టారు. ఊరివాళ్లే నటులు, ఊరే సెట్టు. కూలి పనులు చేసుకుంటూ బతికిన గంగవ్వ అక్కడి నుంచే తెలుగువాళ్లందరికీ తెలిసిన మనిషి అయింది. ఇక మన విశాఖలోనే కంచరపాలెం. వెంకటేష్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' 2018 సెప్టెంబరులో వచ్చింది. నటించినవాళ్లలో ఎనభై మందికి పైగా అంతకు ముందు కెమెరా ముందు నిలబడనివాళ్లే. శబ్దం కూడా అక్కడికక్కడే రికార్డు చేశారు. డబ్బింగులో సరిదిద్దుకోవచ్చులే అన్న ధీమా లేకుండా పని చేసిన జట్టు అది. రైలు వెళ్తుంటే ఆగాలి, పక్కింటి కుక్కర్ కూస్తే ఆగాలి. ఆ ఓపిక అందరిలోనూ ఉండాలి, ఒక్క దర్శకుడికి ఉంటే చాలదు.

మన పలాసకీ సినిమా వచ్చింది. కరుణ కుమార్ తీసిన 'పలాస 1978' 2020 మార్చిలో విడుదలైంది. మన యాస, మన జీడి వ్యాపారం, మన జానపద కళాకారుల బతుకు తెర మీద చూసి ఇక్కడి కుర్రాళ్లకి ఒక ధైర్యం వచ్చింది. 'ఏటి, మన మాటలు ఇలాగే మాటాడినా సినిమా అవుద్దా?' అన్న ప్రశ్న ఆ తర్వాత మళ్లీ వినలేదు నేను.

ధైర్యం ఒక్కటే చాలదు. కెమెరా ఎప్పుడు తియ్యకూడదో కూడా తెలియాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మీకు తెలుసు. ఎన్నో ఏళ్లుగా పరిశోధనలు జరుగుతున్నా కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. వంశధార నుంచి తాగునీళ్లు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అంతకు ముందూ ఆ తర్వాతా ఈ ఊళ్లకి కెమెరాలు వచ్చాయి, వెళ్లాయి. డయాలిసిస్ మంచం మీద నాలుగు గంటలు కదలకుండా పడుకున్న మనిషికి ముఖం తిప్పుకునే వీలు కూడా ఉండదు. అలాంటి గదిలోకి మా జట్టు వెళ్లాల్సి వస్తే మొదటి రోజు కెమెరా బ్యాగులోంచి బయటికి రాదు. కూర్చుంటాం, మాట్లాడతాం, ఒప్పుకున్నవాళ్లనే మర్నాడు తీస్తాం. తీసింది వాళ్లకి చూపించాకే బయటికి ఇస్తాం. క్లయింటు తొందరపెడతాడు. ఆ తొందర పిల్లల మీద పడకుండా మధ్యలో నిలబడటమే నాయకత్వం అని నా అభిప్రాయం. జీతం కట్టడం, లీవు ఇవ్వడం దాని తర్వాత.

డ్రోన్ విషయంలోనూ అంతే. పెళ్లింటి పెద్దాయన 'పైనుంచి తియ్యండి బాబూ' అంటాడు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో వ్యాపారంగా తీయాలంటే పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, అనుమతి అక్కర్లేని ప్రాంతాల్లో కూడా 400 అడుగులు దాటకూడదు. టెక్కలి పక్కన తేలినీలాపురం చింతచెట్ల మీదికి శీతాకాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకోవడానికి వస్తాయి. ఆ రోజుల్లో అక్కడ డ్రోన్ ఎగరేస్తే పక్షులు గూళ్లు వదిలేస్తాయి. మా తీరానికి జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్లలు బయటికొచ్చాక వెలుతురుని చూసుకునే సముద్రం వైపు నడుస్తాయి. ఆ నెలల్లో రాత్రిపూట ఇసుక మీద లైట్లు పెట్టి ప్రీ వెడ్డింగ్ షూట్ చేయమంటే, ఎంత డబ్బిస్తామన్నా వద్దంటాం. జట్టులో అందరికన్నా చిన్నవాడు కూడా ఈ 'వద్దు' అనగలగాలి. అలా అన్నందుకు అతన్ని ఎవరూ ఏమీ అనరని అతనికి తెలిసి ఉండాలి.

ఇక ఆషాఢం సంగతి. పని లేదని జట్టుని ఇంటికి పంపేస్తే శ్రావణానికి సగంమంది తిరిగి రారు. ఉద్దానం కుర్రాళ్లు హైదరాబాదో, చెన్నయ్యో, గల్ఫో వెళ్లడం కొత్త కాదు. ప్రతి ఇంట్లోనూ బయట ఉన్నవాడు ఒకడుంటాడు. ఎడిటింగ్ బాగా వచ్చిన పిల్లాడికి ఫిల్మ్‌నగర్ నుంచి ఫోను వస్తుంది. వెళ్లనివ్వాలి. 'నేర్పితే వెళ్లిపోతారు, నేర్పకు' అని సలహా చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. వెళ్లినవాడు తన చోటు ఇంకొకడికి నేర్పి వెళ్లేలా ఏర్పాటు ఉంటే చాలు. అందుకే నాకు ఆషాఢమే శిక్షణ మాసం. కెమెరా పట్టేవాళ్లు ఆ నెల ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చుంటారు, ఎడిటర్లు మైకులు పట్టుకుని నౌపడా ఉప్పు మడుల దగ్గరికి వెళ్తారు. తాను తీసిన వణుకు షాట్‌ని తానే కత్తిరించుకోవాల్సి వస్తే మర్నాటి నుంచి ట్రైపాడ్ మర్చిపోడు. ఆ నెల జీతాలు ప్రకటనల పని నుంచి, అడ్మిషన్ల రీల్స్ నుంచి వస్తాయి. పెళ్లిళ్ల డబ్బు మీదే జట్టుని నడిపే వారెవరైనా మీకు తెలిస్తే ఈ మాట చెప్పండి. ఏడాది పొడుగునా వచ్చే పని కొంచెమైనా లేకుండా నెల జీతాలు పెట్టుకోవద్దని.

చివరగా మీతో ఒక సొంత మనవి. మా పని సగం ఆడవాళ్ల మధ్య జరుగుతుంది. పెళ్లికూతురి గది, సీమంతం, జీడి యూనిట్‌లో పొట్టు తీసే బల్ల, ఆసుపత్రి వార్డు. మగవాడు కెమెరాతో లోపలికి వస్తే కొంగు సర్దుకుని మాట ఆపేస్తారు. ఆడపిల్ల వెళ్తే కబుర్లు సాగుతూనే ఉంటాయి, బతుకు ఉన్నదున్నట్టు తెర మీదికి వస్తుంది. పలాస, టెక్కలి, సోంపేట కాలేజీల్లో డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. ఫోనుతో వాళ్లు తీసే రీల్స్ చూస్తే వాళ్లకి చూపు ఉందని తెలిసిపోతుంది. అర్ధరాత్రి ముహూర్తాలు, ఊరు కాని ఊళ్లు, పదిమంది మగపిల్లల జట్టు అని మీకు బెంగ ఉంటుంది, ఆ బెంగ న్యాయమైనదే. అందుకే ఏ పనికీ ఒంటరిగా ఒక్క ఆడపిల్లని పంపను, కనీసం ఇద్దరుంటారు. రాత్రి పనైతే ఇంటి గుమ్మం దాకా బండి. జీతం నెల మొదట్లోనే, పక్కనున్న అబ్బాయికి ఎంతో ఆమెకీ అంతే. మీ అమ్మాయి కెమెరా పట్టుకుంటానంటే వద్దనకండి. ముందు మీరే ఒకరోజు వచ్చి మా పని చూడండి, నచ్చితే పంపండి.